ఎర్రనేలలో మల్లెతోట

రాయలసీమ యనగానే పలువురి మనస్సులకు రాతిగుట్టలును, ఎండిన చెరువులును, వేరుసెనగ చేలును తోచును. వానలు తక్కువైన ఆ నేలలో పూవులకు తావెక్కడిదని అనుకొనువారు లేకపోలేదు. అట్లు తలచువారు చైత్ర వైశాఖ మాసములలో ఒకనాటి సాయంకాలము హిందూపురము అంగడివీధిలోనో, పెనుకొండ కోట ముంగిటనో, ధర్మవరము రైలునిలయము చెంతనో నిలిచినచో తమ అభిప్రాయమును మార్చుకొందురు. తడిగుడ్డ పరచిన బుట్టలలో తెల్లని మల్లెమొగ్గలు రాసులుగా నుండును. ప్రొద్దు వాలినకొలది అవి ఒక్కొక్కటిగా విచ్చుకొనును. వీధియంతయు పరిమళించును. కొనువారు మూరెడు పూవులు కొని సంతోషముతో ఇంటికి పోవుదురు. కాని ఆ మొగ్గ బుట్టలోనికి వచ్చుటకు ముందు ఎంత శ్రమ, ఎంత ఓర్పు, ఎంత నీరు వ్యయమైనదో వారిలో చాలమందికి తెలియదు.

ఈ మూడు ఊళ్ళును బెంగళూరు నుండి గుంతకల్లు పోవు రైలుమార్గము మీద ఉన్నవి. చిరకాలము అనంతపురము జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ నెలలో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. హిందూపురము సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. పెనుకొండ 1565వ సంవత్సరపు తాళికోట యుద్ధానంతరము విజయనగర రాజులకు రాజధానియైన పట్టణము. ధర్మవరము చిత్రావతి నది చెంత నుండి పట్టుచీరలకు పేరుగాంచినది. ఈ ప్రాంతమున ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కోస్తా జిల్లాలలో కురియు వానలో ఇది ఇంచుమించు సగము.

అయినను ఈ నేలకును మల్లెకును పొత్తు కుదిరినది. మల్లెకు ఎండ కావలయును. ఇచ్చట ఎండకు కొదువ లేదు. మల్లె వేళ్ళకు నిలువ నీరు పగ. ఇచ్చటి ఇసుక కలిసిన ఎర్రనేల పోసిన నీటిని పట్టియుంచక క్రిందికి జార్చును. బంకనేలలో నీరు నిలిచి వేరు కుళ్ళును. సున్నపు పాలు మిక్కుటమైన నేలలో ఆకు పసుపుబారును. వరికి పనికిరాని నేలయని తలచిన చెలక మల్లెకు చక్కని ఇల్లగును. మరియొక మేలు కూడ కలదు. ఈ మిట్టనేలపై చలికాలపు రాత్రులు చల్లగా నుండునే కాని మంచు గడ్డకట్టదు. గడ్డకట్టు మంచు మల్లెకు మృత్యువు.

ఈ మేలు ఎంతటిదో చలిదేశముల వారిని అడిగిన తెలియును. ఇటలీ దేశములో టస్కనీ యను సీమను 17వ శతాబ్దము చివర మూడవ కోసిమో డి మెడిచి యను ప్రభువు ఏలుచుండెను. ఆయన గోవా నుండి దొంతరమల్లెను తెప్పించి, కాస్టెల్లో అను చోట తన ఉద్యానములో పెంచెను. అచ్చటి శీతకాలమునకు మొక్క తాళజాలదు. అందుచేత దానికై ప్రత్యేకముగ వెచ్చని ఇల్లు కట్టించెను. ఆ మల్లెకు నేటికిని టస్కనీ ప్రభువు పేరు నిలిచియున్నది. ఆ మొక్కను ఎవరికిని ఈయరాదని ప్రభువు ఆజ్ఞాపించెననియు, తోటమాలి యొకడు రహస్యముగ ఒక కొమ్మను తాను వరించిన కన్యకు కానుకగా నిచ్చెననియు, ఆమె దానిని నాటి పెంచి, మొక్కలు అమ్మి, ఆ ధనముతో అతనిని పెండ్లియాడెననియు ఒక కథ కలదు. నేడును సమశీతోష్ణ దేశములలో మల్లెను కుండీలలో పెంచి, చలికాలము రాగానే అద్దపు ఇండ్లలోనికి చేర్చుదురు. అచ్చట ప్రభువులు ఇల్లు కట్టి కాపాడిన మొక్క మన సీమలో పేదరైతు కంచె ప్రక్కను ఆరుబయట పెరుగుచున్నది.

మల్లె ఏడాది పొడవున ఆకు నిలుపుకొను పొద. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని ఆలివు చెట్టు కుటుంబములో చేర్చిరి. పారిజాతము కూడ ఆ కుటుంబములోనిదే. స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయసు 1753లో మొక్కలకు పేర్లు పెట్టినపుడు మల్లెను పారిజాతముతో పాటు ఒకే ప్రజాతిలో నుంచెను. 1789లో ఐటను అను స్కాట్లండు దేశపు శాస్త్రజ్ఞుడు దానిని జాజుల ప్రజాతిలోనికి మార్చెను. మల్లెలో రకములు పెక్కు. రేకులు ఒకే వరుసగా నున్నవి కొన్ని, గుండ్రని బొద్దు మొగ్గలు గలవి కొన్ని, వరుసపై వరుసగా రేకులు గల దొంతరమల్లెలు కొన్ని. జాజి, విరజాజి, కాగడామల్లె అనునవి దీనికి దాయాదులు.

మల్లెకు విత్తనము వెదుక పనిలేదు. మన తోటలలోని మల్లె కాయ కాయుట మిక్కిలి అరుదు. కొమ్మ నుండియే కొత్త మొక్కను పుట్టింతురు. ఇందుకు రెండు మార్గములు కలవు. మొదటిది కొమ్మను కత్తిరించి నాటుట. మరీ లేతయు, మరీ ముదురును గాని కొమ్మను 15 మొదలు 20 సెంటీమీటర్ల పొడవున, మూడు నాలుగు కణుపులుండునట్లు కోసి, క్రింది ఆకులను తుంచి, ఇసుక హెచ్చుగా గల మడిలో నాటి, నీడలో తేమ ఆరకుండ కాపాడుదురు. నెల నెలన్నరకు వేళ్ళు వచ్చును. రెండవది అంటుత్రొక్కుట. పొద అడుగున వంగియున్న కొమ్మకు కణుపు దగ్గర చిన్న గాటు పెట్టి, ఆ భాగమును మట్టిలో పూడ్చి, పైన రాయి నుంతురు. ఆ కొమ్మ తల్లిపొద నుండి ఆహారము గైకొనుచునే మూడు నాలుగు నెలలలో స్వంత వేళ్ళను తెచ్చుకొనును. అప్పుడు దానిని కోసి వేరుచేయుదురు. విత్తు లేని ఈ పొద మనిషి చేతి మీదుగానే తోట నుండి తోటకు, దేశము నుండి దేశమునకు వ్యాపించినది.

తొలకరికి ముందే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతున గుంతలు త్రవ్వి కొన్నాళ్ళు ఎండనిత్తురు. పిదప ఒక్కొక్క గుంతలో సుమారు 10 కిలోల మాగిన పశువుల ఎరువును మట్టితో కలిపి నింపుదురు. వానలు పడిన తరువాత మొక్కలను నాటుదురు. మొక్కకును మొక్కకును 1.25 మీటర్ల ఎడముండినచో ఎకరమునకు ఇంచుమించు 2,500 మొక్కలు పట్టును. ఆరు నెలలకే అచ్చటచ్చట మొగ్గలు కనబడినను, నిండైన పంట రెండు మూడేండ్ల తరువాతనే వచ్చును. చక్కగా సాకినచో తోట పది పదునైదేండ్ల వరకు గిట్టుబాటుగా నుండును.

మల్లె సాగులో మిక్కిలి వింతగా తోచు పని కత్తిరింపు. కార్తికము గడచి చలి ముదురునప్పుడు రైతు తోటకు నీరు నిలిపివేయును. పచ్చని పొదలు వాడుముఖము పట్టును. నవంబరు చివరి నుండి జనవరి లోపల రైతు కత్తెర చేతబట్టి, ఒక్కొక్క పొదను నేల నుండి మూరెడు ఎత్తున నిలుచునట్లు కత్తిరించును. ఎండుకొమ్మలను, చీడపట్టిన కొమ్మలను, అడ్డదిడ్డముగ పెరిగిన రెమ్మలను తీసివేయును. మిగిలిన ఆకును కూడ కొందరు దూసివేయుదురు. నిన్నటి వరకు దట్టముగ నుండిన తోట నేడు మోడుల వరుసగా కనబడును. ఎరుగనివారు చూచి, ఈతడు తన తోటను తానే పాడుచేసికొన్నాడని జాలిపడుదురు.

ఇందులోని రహస్యమిది. మల్లె పాత కొమ్మపై పూయదు. కొత్తగా పుట్టిన చిగురు కొననే పూయును. కొమ్మలను కత్తిరింపక విడిచినచో పొద పైపైకి పెరిగి, లోపలికి వెలుతురు దూరక, ఆకులే హెచ్చి పూవులు తగ్గిపోవును. కత్తిరించినచో మోడు నలువైపులను పెక్కు చిగుళ్ళు వేయును. చిగుళ్ళెన్నో మొగ్గల గుత్తులన్ని. కత్తిరింపు ముగిసిన వెంటనే పాదులు త్రవ్వి, ఎరువు వేసి, ఆగిన నీటిని మరల పారింతురు. విశ్రాంతి పొందిన వేరు ఒక్కసారిగా మేల్కొనును. ఫాల్గుణ చైత్రములకు తోటయంతయు మొగ్గ తొడుగును. మెలకువగల రైతు తోటనంతటిని ఒకేనాడు కత్తిరింపడు. కొన్ని దినముల ఎడముతో భాగములుగా కత్తిరించును. అందుచేత పూవులన్నియు ఒక్కసారి విరుచుకుపడక వరుసగా వచ్చును.

మల్లెపూవు తెల్లగా నుండుటకును, రాత్రివేళ పరిమళించుటకును కారణము కలదు. పగటి పూవులు రంగులు చూపి తేనెటీగలను పిలుచును. చీకటిలో రంగులు కనబడవు. అందుచేత రాత్రి విచ్చు పూవులలో చాలభాగము తెల్లనివి. అవి వాసననే దూతగా పంపి రెక్కల పురుగులను రప్పించుకొనును. మల్లె మొగ్గ దినమంతయు పెరిగి, సూర్యాస్తమయ సమయమున విచ్చుకొని, అప్పటినుండి సువాసనను వెదజల్లును. ఆ సువాసన ఒకే పదార్థము కాదు. పెక్కు పదార్థముల కూర్పు. అందులో లినలూల్, బెంజైల్ ఎసిటేట్ అనునవి ముఖ్యములు. ఇండోల్ అనునది మరియొకటి. వింతయేమనగా, ఇండోల్ హెచ్చుపాళ్ళలో దుర్గంధము; లేశమాత్రముగ నున్నపుడు మల్లెకు నిండుదనము నిచ్చును.

మొగ్గ సాయంకాలము విచ్చునను ఈ ఒక్క నియమమే మల్లె రైతు జీవితమును నడిపించుచున్నది. విచ్చిన పూవు దూరము పోజాలదు. రేకులు నలగి వన్నె తగ్గును. కావున ఆనాటి సాయంకాలము విచ్చుకొనవలసిన మొగ్గను ఆనాటి సూర్యోదయమునకు ముందే కోయవలయును. నేటి మొగ్గ ఏదో రేపటి మొగ్గ ఏదో చూపులోనే పోల్చుకొనుట కోతవారి నేర్పు. నిండుగా ఉబ్బి, తెల్లబారి, ఇంకను ముడుచుకొనియున్న మొగ్గ నేటిది. చిన్నదై పచ్చిజీర గలది రేపటిది. తెల్లవారుజామున చేతిదీపపు వెలుగున, మంచు తడిసిన పొదల నడుమ వంగి స్త్రీలును పురుషులును మొగ్గలు కోయుదురు. పొదల క్రింద పురుగు పుట్ర ఉండునను భయము ఉండనే ఉన్నది. ఒక కిలో తూగుటకు సుమారు నాలుగైదు వేల మొగ్గలు కావలయును. అన్ని మొగ్గలును ఒక్కొక్కటిగా చేతితో కోసినవే. పండుగయైనను, ఇంట జబ్బయినను కోత ఆపుటకు వీలు లేదు. ఒక్కనాడు కోయనిచో ఆనాటి పంట సాయంకాలము పొద మీదనే విచ్చి రాలిపోవును.

కోసిన మొగ్గలను తడిగుడ్డలో చుట్టి బుట్టలలో నింపి, తెల్లవారుసరికి అంగడికి చేర్చుదురు. కొన్ని హిందూపురము నుండి బెంగళూరు పూల అంగడికి పోవును. వెల ప్రతిదినము మారును. పెండ్లి ముహూర్తములు గల వైశాఖములో మొగ్గకు గిరాకి. మూఢములోను, ఆషాఢములోను కొనువారు తక్కువ. తోటలన్నియు ఒక్కసారి విరగబూసిననాడు వెల పడిపోయి కోతకూలి కూడ గిట్టదు. ధాన్యమైనచో వెల వచ్చువరకు గాదెలో దాచవచ్చును. మల్లెను దాచునట్టి గాదె లేదు. దాని వెల ఆ ఒక్క పగటితో ముగియును. ధర్మవరపు పట్టుచీర పెట్టెలో తరములు నిలుచును. దానితో పాటు పెండ్లికూతురు ధరించు మల్లెదండకు ఆయువు ఒక్క రాత్రి. అయినను ఒకటి లేక రెండవది శోభింపదు.

అంగడికి వచ్చిన మొగ్గ మరికొన్ని ఇండ్లకు కూడ అన్నము పెట్టును. పట్టణములలో ఎందరో స్త్రీలు తమ ఇంటి అరుగుపై కూర్చుండి అరటినారతోనో దారముతోనో మొగ్గలను జంటలుగా ముడివేసి దండలు కట్టుదురు. వారి వ్రేళ్ళు చూపు లేకయే పనిచేయును. కట్టిన దండను మోచేతి నుండి వ్రేళ్ళ కొన వరకు కొలిచి మూర లెక్కను అమ్ముదురు. పూవుపై మనవారికి గల ప్రీతి నిన్న మొన్నటిది కాదు. 1443లో విజయనగరమునకు వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, అచ్చటి అంగళ్ళలో అమ్ముడుపోవు గులాబీలను చూచి, ఆ ప్రజలకు పూవులు అన్నము వలె అవసరములని వ్రాసెను.

మల్లె పరిమళమును నిలువచేయుటకు మనుష్యులు పెక్కు యత్నములు చేసిరి. గులాబీని కాచి అత్తరు తీసినట్లు మల్లెను కాచిన దాని సుకుమారమైన వాసన చెడును. అందుచేత పూర్వము కొవ్వు పూసిన పలకలపై పూవులను పరచి, వాసనను కొవ్వునకు పట్టించెడివారు. కోసిన తరువాత కూడ పూవు కొంతసేపు సువాసనను పుట్టించుచునే యుండుట చేత ఈ పద్ధతి ఫలించినది. పిమ్మట ద్రావకములతో వాసనను లాగు పద్ధతి వచ్చినది. ఆ విధమున 1,000 కిలోల మల్లెల నుండి రెండు కిలోలకు లోపుగనే మైనము వంటి సుగంధ ద్రవ్యము లభించును. చైనా దేశమువారు ఎండిన తేయాకుతో మల్లెమొగ్గలను కలిపి రాత్రంతయు ఉంచి, తేయాకునకు మల్లెవాసన పట్టింతురు. ఫిలిప్పీన్సు దేశము 1934లో మన మల్లెనే తన జాతీయ పుష్పముగా ప్రకటించుకొన్నది.

ఇంత మన్నన పొందిన పూవునకు మన సీమలో కష్టములు లేకపోలేదు. మొగ్గతొలుచు పురుగు ప్రవేశించినచో మొగ్గ ఊదారంగు తిరిగి, విచ్చకయే ఎండిపోవును. అట్టి మొగ్గలను ఏరి కాల్చివేయుటయు, పొదలోనికి వెలుతురు సోకనిచ్చుటయు, వేపనూనె చల్లుటయు మేలైన ఉపాయములు. తొందరపడి ఘాటైన మందులు మాటిమాటికి చల్లుట మంచిది కాదు. మల్లెను మనము తలలో ధరింతుము, ముఖమునకు దగ్గరగా నుంచుకొందుము. చల్లిన విషము మొదట కోయువారి చేతులకు, పిమ్మట ధరించువారికి సోకును.

అన్నిటికంటె పెద్ద కష్టము నీరు. పూతకాలమే ఎండకాలము. మొగ్గలు దట్టముగ వచ్చు చైత్ర వైశాఖములలోనే బావులు అడుగంటును. ఆ రెండు నెలలు నీరు తప్పినచో మొగ్గ చిన్నదై, వాసన తగ్గి, ఏడాది శ్రమ వ్యర్థమగును. పూర్వము చెరువును, మోటబావియు ఆధారములు. పిదప గొట్టపుబావులు వచ్చెను; అవి నానాటికి లోతునకు పోవుచుండుట చేత త్రవ్వించిన ధనము తిరిగిరాని రైతులు కలరు. 2003లో ప్రభుత్వము సూక్ష్మ నీటిపారుదల పథకమును ఆరంభించిన తరువాత బొట్టుబొట్టుగా మొదటికే నీరందించు గొట్టములు ఈ సీమ తోటలలో విరివిగా వచ్చినవి. వీని వలన నీరు ఆవిరిగా పోదు, కలుపు తగ్గును, పాదులో తేమ సమముగా నిలుచును. 2016లో హంద్రీ నీవా కాలువ ద్వారా కృష్ణాజలములు పెనుకొండ చేరువనున్న గొల్లపల్లి జలాశయమునకు చేరినవి. అయినను కురిసిన వానను నేలలో ఇంకించి, చెరువులను పూడిక లేకుండ కాపాడుకొననిచో ఏ కాలువయు ఈ మెట్టసీమకు చాలదు. మల్లెతోట నిలుచుట నీటిని పొదుపుగా వాడు నేర్పు మీదనే ఆధారపడియున్నది.

మల్లెను పెంచుటకు ఎకరములు ఉండనక్కరలేదు. ఇంటి పెరటిలో ఎండ తగులు మూల చాలును. పెరడు లేనిచో అడుగున రంధ్రము గల కుండీ చాలును. పొరుగింటి పొద నుండి ఒక కొమ్మ తెచ్చి నాటవచ్చును. బియ్యము కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు దాని పాదులో పోయవచ్చును. మార్గశిరములో నీరు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసినచో వేసవికి ఆ ఇంటి గుమ్మము పరిమళించును. మొక్క పచ్చగా నున్నను పూయుట లేదని చింతించువారు చాలమంది కత్తెరకు భయపడినవారే.

ప్రొద్దుట కొన్న మూరెడు దండ మరునాటికి వాడిపోవుట సహజము. దానిని పారవేయునపుడైనను ఒక్క క్షణము తలచుకొనదగిన సంగతులు కొన్ని గలవు: ఎర్రనేలలో ఆరని వేరు, చలిలో మోడుపడి ఎండలో చిగిర్చిన కొమ్మ, చీకటిలో మొగ్గను పోల్చి కోసిన చేయి, అరుగుపై ముడివేసిన వ్రేళ్ళు. ఒక రాత్రి పరిమళమునకు వెనుక ఏడాది పొడవునా సాగిన పని ఉన్నది. ఆ పనిని ఎరిగినవాడు మూరెడు పూవులకు వెల బేరమాడునపుడు కొంచెము ఆలోచించును.